బల్ల మీద పెట్టు

కెనడాలోని మానిటోబా మైదానంలో, మెన్నోనైట్లనే క్రైస్తవ సంఘంవాళ్ళ ఊరు. మంచు కరిగి దారులు బురదయ్యే మార్చి నెల, మధ్యాహ్నం. ఊరి చివర యూస్టీనా ఇల్లు. సంఘం వెలివేసిన మనిషి ఆమె. ఊరంతా ఇవాళ రైలెక్కి మెక్సికోకి వలస పోతోంది. తల్లి అగనేటా వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. తండ్రి గెర్హార్డ్ వాకిట్లో బండి దగ్గరే ఆగిపోయాడు.

"చేతికివ్వకే. బల్ల మీద పెట్టు, నేను తీసుకుంటాను."

"బార్లీ కాఫీయేగా అమ్మా. ఇవాళ కూడానా?"

"ఇవాళైతే మాత్రం? మీ నాన్న వాకిట్లోనే ఉన్నాడు. చెయ్యికి చెయ్యి తగిలిందా, ఆదివారం అందరి ముందూ లేచి నిలబడి చెప్పుకోవాలి, వెలివేసినవాళ్ళ చేతినుంచి అందుకున్నానని. సంఘపెద్ద పెళ్ళాన్ని, అదీ నా నోటితో."

"ఆదివారానికి మీరు రైల్లో ఉంటారు."

"రైలంతా సంఘమే కదే. ఎక్కడికి పోతాను? బల్ల మీద పెట్టు."

"పెట్టాను. చూడు, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాను. ఇక తీసుకో."

"ఎగతాళి చేస్తున్నావా?"

"లేదమ్మా. చల్లారిపోతుందని."

"...బార్లీ కాస్త మాడ్చావు."

"నువ్వు నేర్పినట్టే వేయించాను."

"మాడ్చమని నేర్పలేదు. సరేలే, బాగానే ఉంది. అది సరేగానీ, ఈ చలిలో కిటికీ బార్లా తెరిచావేమిటే? గాలి సూదుల్లా గుచ్చుతోంది."

"పొయ్యి పొగ."

"పొగేదీ?"

"ఇందాక ఉంది. వేలంపాట ఎలా జరిగిందమ్మా? అంతా అమ్మేశారా?"

"అమ్మేశాం. నా వెన్నకవ్వం ఆ పట్నంవాడు కొన్నాడు. దాన్ని తిరగేసి చూస్తాడు, పక్కకి తిప్పి చూస్తాడు, ఎటు పట్టుకోవాలో తెలీదు వాడికి. మీ అమ్మమ్మ రష్యా నుంచి తెచ్చిన పెట్టె మాత్రం అమ్మనివ్వలేదు. మీ నాన్న బరువన్నాడు. బరువైతే నేను దిగిపోతాను, పెట్టె ఎక్కించమన్నాను."

"ఏమన్నాడు?"

"పెట్టె నోరు చేసుకోదు కదా అన్నాడు."

"ఆహా! నాన్న అన్నాడా ఆ మాట?"

"నవ్వకు. అన్నాడు. మూడేళ్ళ తర్వాత ఒక్క హాస్యమాడాడు, అదీ నా మీద. రైల్లో ఆవులకి కొన్ని పెట్టెలు, మనుషులకి కొన్ని పెట్టెలు. సుసానా పిన్ని తన కోళ్ళని మనుషుల పెట్టెలోనే పెట్టుకుంటానని పంతం పట్టింది. కోళ్ళు మెక్సికో చేరేలోగా గుడ్లు పెడితే ఆ గుడ్లు ఏ దేశానివని అడుగుతోంది."

"పెద్దలేమన్నారు?"

"ప్రార్థన చేసి చెబుతామన్నారు. ఏమే, ఆ దగ్గేమిటి?"

"పొగ."

"పొగ లేదన్నానా!"

"జలుబమ్మా. మార్చి కదా. గ్రేతా, ఇలా రా. ఈ బన్ను అమ్మమ్మకివ్వు."

"నేనిస్తా! అమ్మమ్మా, చెయ్యి పట్టు. ఇంకా ఉంది, ఇంకోటి కూడా పట్టు."

"నా బంగారం. చాలు, చాలు. దీని చేత్తో అయితే పెట్టించుకోవచ్చు. బాప్తిస్మం లేని పిల్ల, దీనికి వెలి లేదు. ఈ మూడేళ్ళూ నీ ఇంటి రొట్టె నా నోట్లో పడిందంటే ఈ చిట్టి చెయ్యి చలవే."

"దానికి నడక రాకముందు ఎలా తిన్నావో!"

"తినలేదు. ఆకలి లేదని అబద్ధమాడాను. ఏమే, పై ముద్ద ఊడొచ్చింది చూడు. జంట బన్ను చేసేటప్పుడు పైదాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కాలి, లోపలిదాకా. నొక్కకపోతే పొయ్యిలోనే విడిపోతాయి."

"నొక్కాను. ఈమధ్య చేతుల్లో బలం లేదు."

"తింటున్నావా అసలు?"

"తింటున్నాను."

"ఏం తింటున్నావు?"

"అన్నీ. నువ్వు దారికి రొట్టెలు కాల్చి ఎండబెట్టావా?"

"దిండు గలీబు నిండా. రాయిలా ఎండాయి. వేడి కాఫీలో ముంచితే గానీ పళ్ళకి లొంగవు. మేం రష్యా నుంచి వచ్చేటప్పుడూ మా అమ్మ అలాగే చేసింది. ఓడలో అవే తిన్నాం. వాంతులూ అవే."

"అమ్మా, గ్రేతా వింటోంది."

"విననీ. వాంతంటే దానికి తెలీదా ఏం? ఇదేమిటే, ఇంట్లో కోటు తొడిగావు దీనికి? లోపల ఒకదాని మీద ఒకటి రెండు గౌన్లు కూడా!"

"చలి."

"చలైతే కిటికీ మూసుకోవాలి. పిల్లకి బట్టలు మీద మీద తొడుగుతారా ఎవరైనా? ఆ మూటేమిటి తలుపు దగ్గర?"

"ఉతకాల్సిన బట్టలు."

"ఉతికి తెచ్చివ్వమంటావా... అయ్యో, ఏం మాట్లాడుతున్నాను. రేపు ఉతకడానికి నేనెక్కడుంటాను."

"అగనేటా! గుర్రాలు బురదలో దిగబడుతున్నాయ్!"

"అదుగో, మీ నాన్న. వస్తున్నానండీ! ఆ గుర్రాలు పొద్దుటినుంచి దిగబడుతూనే ఉన్నాయి, ఇంకా చెవులు మాత్రం బయటే ఉన్నాయి. స్టీనా, నేను వచ్చింది కాఫీకి కాదు."

"తెలుసు."

"ఒక్క మాట. మోకాళ్ళ మీద ఒక్క మాట. మీ నాన్నలాంటి పెద్దలందరికీ పైనున్న పెద్దాయన స్టేషన్లోనే ఉన్నాడు, రైలు కదిలేదాకా ఉంటాడు. తప్పయిందని ఒక్క మాటంటే చాలు, వెలి ఎత్తేస్తాడు. మాతోపాటు ఎక్కేస్తావు. నువ్వూ, పిల్లా. అక్కడ మన పక్కనే ఇల్లు కట్టిస్తాం."

"ఏది తప్పయిందని చెప్పను?"

"నీకు తెలీదా?"

"నువ్వే చెప్పు. నీ నోటితో."

"బయటివాణ్ణి కట్టుకోవడం."

"వాల్టర్‌ని కట్టుకోవడం తప్పు. దీన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పనా ఆ మాట? రేపు పెద్దదై, ఎలా పుట్టానమ్మా అంటే, తప్పుగా పుట్టావనా?"

"పోయినవాడికి ఏం తెలుస్తుందే? ధాన్యం కొట్టు మీంచి పడి మట్టిలో కలిసిపోయాడు, పాపం. ఆయనకి తెలీదు, పిల్లకి తెలీదు."

"నాకు తెలుస్తుందిగా."

"నీ పంతం మీ నాన్నది."

"అందుకే ఆయన లోపలికి రాడు, నేను బయటికి వెళ్ళను."

"స్టీనా, నేను నీకోసం దేవుణ్ణి అడిగినట్టు ఇంకెవరికోసమూ అడగలేదు. అబ్రాహాముకి ఆయన మాటిచ్చాడు. ఊరూ వాడా వదిలి రమ్మన్నాడు, చూపించే దేశమిస్తానన్నాడు. ఒక్క అబ్రాహాముకి కాదు, వెనక వచ్చే పిల్లలకీనూ. పొద్దున లేవగానే ఆయనకి అదే గుర్తుచేస్తాను. నువ్వన్నావు, నా పిల్లలకీ అన్నావు, నా పిల్లని కూడా ఎక్కించు అని."

"రష్యాలో ఉన్నప్పుడు మీ అమ్మకీ ఇచ్చాడుగా ఆ మాట."

"నిలబెట్టుకున్నాడు. ఇక్కడికి తెచ్చాడు."

"ఇక్కడి ప్రభుత్వం కూడా మాటిచ్చింది, మీ పిల్లల చదువుల జోలికి రామని. ఇప్పుడు ఇంగ్లీషు బడికే పంపమంటోంది."

"అది మనుషుల మాట."

"రేపు మెక్సికోవాళ్ళిచ్చేది?"

"అదీ మనుషుల మాటే. నేను దాన్ని నమ్ముకుని వెళ్ళడంలేదు. అక్కడ తేళ్ళు చెప్పుల్లో దూరతాయట. వాన పడదట. చిక్కుడు గింజలు తప్ప వేరే పంట లేదట. నాకు భయంగానే ఉంది. అయినా ఆయన మాట మీద వెళ్తున్నాను."

"మరి లేనా పెద్దమ్మ?"

"ఇప్పుడెందుకు ఆవిడ?"

"నువ్వే కదా చెప్పేదానివి. రేవులో..."

"చెప్పేదాన్ని."

"ఇప్పుడు చెప్పు."

"వద్దు. రేవులో మా అమ్మ, లేనా అక్క చేతిలో బన్ను పెట్టింది. నువ్వు వెనక ఓడలో వస్తావే అంది. బావకి రావడం ఇష్టం లేదని అమ్మకి తెలుసు. వెనక ఓడ లేదని తెలుసు. అక్కకి కూడా తెలుసు. సరే అమ్మా, వెనక ఓడలో వస్తాను అంది అక్క. నాకొక్కదానికే తెలీదు. ఇక్కడికొచ్చాక ఎన్నాళ్ళో రోడ్డు మీద నిలబడి చూసేదాన్ని, చుట్టూ మైదానం. ఓడ ఎటునుంచి వస్తుందో కూడా తెలీదు నాకు. మొన్న కరువులో అక్కడినుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఇక రావు."

"నమ్మకం పోలేదా నీకు?"

"దేవుడి మీద పోలేదు. అమ్మ మీద పోయింది. ఎందుకు అబద్ధం చెప్పిందో అని. నిజం చెప్పి ఏడవచ్చుగా? ఏడిస్తే ఏం పోయేది?"

"అమ్మా, పాలు తాగుతా."

"నీ గిన్నె అక్కడుంది చూడు గ్రేతా, నీ అరలో. ఇది కాదు, ఇది అమ్మది. ముట్టుకోకు! ముట్టుకోవద్దన్నానా!"

"ఎందుకలా కసురుతావే? గిన్నేగా."

"దానిది దానికుంది."

"దాని గిన్నె వేరు. దాని చెంచా వేరు. పక్క కూడా ఆ మూలెక్కడో వేశావు, వచ్చినప్పటినుంచి చూస్తున్నాను. సంఘం నిన్ను వెలేసిందంటే అర్థముంది. నువ్వు నీ పిల్లని వెలేశావా?"

"అలవాటు చేస్తున్నాను."

"దేనికి?"

"దేనికో."

"పిల్లని నువ్వు ముద్దుపెట్టుకోవడం చూళ్ళేదు నేను. క్రిస్మస్సు తర్వాత ఒక్కసారి కూడా. ఎప్పుడూ మొహం పక్కకి తిప్పుకుంటావు. స్టీనా. ఇటు చూడు. మళ్ళీ ఆ దగ్గు. ఆ గుడ్డ ఇలా చూపించు."

"వద్దమ్మా."

"చూపించు."

"నా చేతినుంచి అందుకోకూడదు నువ్వు."

"బల్ల మీద పెట్టు."

"మురికిగా ఉందమ్మా, ఉతకాలి."

"బల్ల మీద పెట్టు, స్టీనా."

"పెట్టాను."

"ఓరి దేవుడా."

"అరవకు. గ్రేతా భయపడుతుంది."

"ఎప్పటినుంచి?"

"క్రిస్మస్సుకి ముందునుంచి. పట్నంలో డాక్టరు చూశాడు. క్షయ. కొండల మీద ఆసుపత్రి ఉందట, వచ్చే వారం మంచం ఖాళీ అవుతుందన్నాడు. కిటికీలు తెరిచి పడుకోబెడతారట, చలికాలం కూడా."

"తగ్గిపోతుంది. మంచి గాలికి తగ్గుతుంది. కొండల గాలికి ఎంతమందికి తగ్గలేదు? తగ్గుతుందన్నాడా?"

"మంచం ఎలా ఖాళీ అవుతుందని అడిగాను. చెప్పలేదు."

"నేను వెళ్ళను. మీ నాన్న వెళ్తాడు. నేను ఉండిపోతాను నీ దగ్గర."

"ఎక్కడుంటావు? ఇల్లు అమ్మేశారు. ఈ ఇల్లు కూడా నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఆసుపత్రిలో నిన్నుండనివ్వరు. రేపటినుంచి ఊళ్ళో ఒక్క పొయ్యీ రాజదు. ఇంగ్లీషులో నీళ్ళు కావాలని అడగడం రాదు నీకు."

"నేర్చుకుంటాను."

"అమ్మా."

"నేర్చుకుంటాను! ఏం, నాకు నేర్చుకోవడం రాదా? చదవడం ఎవరు నేర్పారు నాకు?"

"అమ్మా, విను. గ్రేతాని కూడా డాక్టరు చూశాడు. ఛాతీ శుభ్రంగా ఉందన్నాడు, ఏమీ అంటలేదన్నాడు. నేను దూరంగా ఉన్నానుగా. రాత్రి నా పక్కలోకి రావాలని ఏడ్చేది. తలుపు గడియ పెట్టుకునేదాన్ని."

"అయ్యో, తల్లీ."

"నేను ఆసుపత్రికి వెళ్తే దీన్ని అనాథల ఇంట్లో పెడతారు. దాని భాషలో నిద్రపుచ్చేవాళ్ళుండరు. దానికి జనం కావాలమ్మా. ఒక ఊరు కావాలి. సుసానా పిన్ని కోళ్ళు కావాలి. దీన్ని తీసుకెళ్ళు."

"అందుకా రెండు గౌన్లు?"

"మూటలో పట్టనివి తొడిగేశాను."

"నిన్ను వెలేసిన ఊరికే ఇస్తావా దీన్ని?"

"వేరే ఊరు తెలీదు నాకు."

"నేనడిగింది ఇలా కాదే. ఆయన్ని నేనడిగింది నిన్ను. పిల్లని ఎక్కించు, పిల్లని ఎక్కించు అన్నాను రోజూ. ఏ పిల్లో ఆయనకి తెలుసనుకున్నాను. ఇలా కాదు. ఇలా ఇమ్మనలేదు నేను."

"ఆయన మాట నిలబెట్టుకుంటాడని ఇప్పటికీ నమ్ముతావా? చెప్పమ్మా. నీతో పంపేది దీన్ని. నాకు తెలియాలి."

"నమ్ముతాను. ఆయనతో పోట్లాడతాను, రైలు దిగేదాకా పోట్లాడతాను. కానీ నమ్ముతాను."

"అది చాలు నాకు."

"అగనేటా! ఇంకెంతసేపు? రైలు... ఏమైంది? ఎందుకేడుస్తున్నావు?"

"గుమ్మంలో నిలబడకండి. లోపలికి రండి, లేదా వెళ్ళండి."

"ఆ దగ్గు వాకిట్లోకి వినపడుతోంది."

"ఊపిరితిత్తులట. కొండల మీద ఆసుపత్రికి పోతుందట. పిల్లని మనల్ని తీసుకెళ్ళమంటోంది."

"మా అక్క అలాగే దగ్గేది."

"ఏదో ఒకటి అనండి."

"...యూస్టీనా."

"నాన్నా."

"పిల్ల రైల్లో నిద్రపోతుందా?"

"పోతుంది. ఎవరిదో ఒకరి చెవి పట్టుకోవాలి దానికి. చెవి దొరికితే ఎక్కడైనా పోతుంది."

"నా చెవులు పెద్దవేలే."

"అవును నాన్నా. గుర్తుంది."

"రైలెక్కించే కుర్రాడు మనవాడే. ఒళ్ళోపిల్ల సంగతి ఎవరూ అడగరు. మూట ఇదేనా? బల్ల మీద... సరే, నేలమీదే ఉందిగా, నేను తీసుకుంటాను. నువ్వు... వేళకి తిను."

"తింటాను."

"నేను గుర్రాల దగ్గరుంటాను, అగనేటా. ముందు కళ్ళెం సరిచెయ్యాలి. ఇటు తిరగను. పని చాలాసేపు పడుతుంది."

"వెళ్ళండి."

"అమ్మమ్మా, మనం రైలెక్కుతామా?"

"ఎక్కుతాం, బంగారం."

"రైల్లో ఆవులున్నాయా?"

"ఉన్నాయి. కోళ్ళు కూడా ఉన్నాయి."

"అమ్మ ఎక్కదా?"

"కోటు సరిగా వేసుకో, బంగారం."

"అమ్మమ్మా, అమ్మ ఎక్కదా?"

"గ్రేతా, ఇలా రా, బొత్తాం ఊడింది. అమ్మ..."

"నువ్వు చెప్పకు, స్టీనా. నేను చెబుతాను. అమ్మ వెనక రైల్లో వస్తుంది, గ్రేతా."

"అమ్మా!"

"ఊరుకో. ఇప్పుడు తెలిసింది మా అమ్మ ఎందుకలా అందో. అమ్మ వెనక రైల్లో వస్తుంది, బంగారం. మనం ముందెళ్ళి ఇల్లు ఊడ్చి ఉంచుదాం."

"అవును, గ్రేతా. వెనక రైల్లో వస్తాను."

"ఆవుల్తోనా?"

"ఆవుల్తోనే. ఇక పదండి. అమ్మా, నేను దీన్ని ఎత్తి గుమ్మందాకా తెస్తాను, అక్కడ కిందకి దింపేస్తాను. అదే నడిచి నీ దగ్గరికొస్తుంది, అప్పుడెత్తుకో. నా చెయ్యి తగలదు. ఆదివారం నువ్వు ఎవరి ముందూ లేచి నిలబడక్కర్లేదు. ఊపిరి బిగబట్టే ఎత్తుకుంటాలే, భయపడకు. రా గ్రేతా. అబ్బ, ఎంత బరువెక్కావే. కోటు బరువా నువ్వా? ఇదిగో గుమ్మం. దింపుతున్నానమ్మా."

"దింపకు."

"ఏం?"

"కింద దింపకు. బల్ల మీదా పెట్టకు. నా చేతికియ్యి, తల్లీ. నా చేతికియ్యి."